ఆర్మీలో ఉంటూ ఎం.ఏ. చేయడం కుదురుతుందా? సర్వీసులో చదివినవాళ్ళు కాస్త చెప్పండి

వంశధార:

అందరికీ నమస్కారం. నేను ఆర్మీలో నాయక్‌ని (హవల్దార్‌కి కింది ర్యాంకు), సర్వీసు పన్నెండో ఏడు నడుస్తోంది. ఇంటర్ కాగానే ర్యాలీలో సెలెక్టయి వచ్చేశాను. డిగ్రీ సర్వీసులోనే దూరవిద్యలో కట్టి పూర్తిచేశాను, 54 శాతం వచ్చింది. ఇప్పుడు పీజీ చేయాలని గట్టిగా అనుకుంటున్నాను.

పెన్షన్‌తో బయటికొచ్చే నాటికి నాకు నలభై కూడా నిండవు. మా శ్రీకాకుళం వైపు ఫౌజీలు లేని ఊరు తక్కువ, నాకంటే ముందు రిటైరైన అన్నలు చాలామంది బ్యాంకు గన్‌మ్యాన్‌గానో, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీలోనో చేస్తున్నారు. ఆ పని తక్కువని నేను అనను, దాంతోనే వాళ్ళు పిల్లల్ని చదివించుకున్నారు. కానీ నాకు పాఠం చెప్పడం ఇష్టం. యూనిట్లో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి క్లాసు తీసుకోమంటే ఆ గంట ఎలా గడుస్తుందో తెలియదు నాకు. జూనియర్ లెక్చరర్ అవ్వాలని కోరిక.

ఆఫీసర్ సాబ్‌లకి కోర్సుతోపాటే పీజీ వస్తుంది. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో చేస్తే మద్రాస్ యూనివర్సిటీ ఎం.ఎస్సీ., మన సికింద్రాబాద్ సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో చేస్తే ఉస్మానియా నుంచి మేనేజ్‌మెంట్ మాస్టర్స్. జవాన్లకి అలాంటి దారి లేదు కదా, మన తిప్పలు మనమే పడాలి. ఇప్పుడు కుటుంబాన్ని తెచ్చుకోలేని ఫీల్డ్ పోస్టింగులో ఉన్నాను, నెట్‌వర్క్ ఒక్క టవర్ దగ్గరే వస్తుంది, రోజులో ఏ గంట నాది అవుతుందో ముందే చెప్పలేను.

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ మంచిదా, ఎం.బి.ఏ. మంచిదా? పర్మిషన్ తీసుకోవాలా, చెప్పకుండా కట్టేస్తే ఏమవుతుంది? పరీక్షల టైముకి లీవు దొరక్కపోతే ఏడాది మొత్తం పోయినట్టేనా? ఇంకోటి, మా సెక్షన్లో ఒక తమ్ముడు డిగ్రీ చదవలేదు, 15 ఏళ్ళు నిండగానే ఆర్మీ గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది కదా, దాంతో నేరుగా ఎం.ఏ. కట్టేస్తా అంటున్నాడు. నిజమేనా?

(సవరణ: యూనిట్ పేరు, ప్రాంతం తీసేశాను. కింద అన్న చెప్పాక.)

గోదారిగట్టు:

తమ్ముడూ, ముందు ఆ యూనిట్ పేరు, ఉన్న చోటు తీసెయ్. ఫోన్లలోంచి సమాచారం బయటికి పోతుందనే 2020లో 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ చెప్పింది, ఊరికే కాదు. చదువు గురించి ఎంతైనా అడుగు, ఎక్కడున్నావో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఇక విషయానికి వస్తే, నేను హవల్దార్‌గా రిటైరయ్యాను, మాధవరం పక్క ఊరు మాది. ఇగ్నోలో (కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ) ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ సర్వీసులో ఉండగానే పూర్తిచేసి, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాను. కాబట్టి కుదురుతుందా అంటే కుదురుతుంది. అయితే ఎలా కుదిరిందో చెప్తాను విను.

పర్మిషన్ తప్పకుండా తీసుకో. కంపెనీ కమాండర్ ద్వారా సి.ఓ. (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) సాబ్‌కి అప్లికేషన్ పెట్టి, ఆయన సంతకం అయిన కాగితం కాపీ నీ దగ్గర ఉంచుకో. చెప్పకుండా కట్టేసినవాళ్ళు ఉన్నారు, చదువు వరకూ ఎవరూ ఆపరు, చిక్కంతా తర్వాతే. డిగ్రీ చేతికొచ్చాక దాన్ని నీ సర్వీసు రికార్డులో ఎక్కించుకోవాలి, అంటే పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు వివరాల్లో మార్పు నమోదు చేసే ఆర్డర్) పడాలి, రికార్డ్ ఆఫీసుకి వెళ్ళాలి. అప్పుడు క్లర్క్ మొట్టమొదట అడిగేది పర్మిషన్ ఎక్కడ అనే. రికార్డులో లేని చదువు డిశ్చార్జ్ బుక్కులో కూడా ఉండదు. రేపు సివిల్‌లో ఉద్యోగం ఇచ్చేవాడు సర్వీసులో ఉంటూ ఇది ఎలా చదివావు అని అడిగితే చూపించడానికి నీ దగ్గర కాగితం ఉండాలి.

ఎందుకు ఇగ్నో అంటే ఒకటే కారణం, పోస్టింగ్. రాష్ట్ర యూనివర్సిటీల దూరవిద్య ఆ రాష్ట్రం దాటదు, అది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రూల్. ఇగ్నో దేశమంతా ఉంది, పోస్టింగ్ మారితే రీజినల్ సెంటర్ మార్చుకోవచ్చు, పరీక్ష ఫారం నింపేటప్పుడు ఎగ్జామ్ సెంటర్ నీకు దగ్గరలో ఉన్నది పెట్టుకోవచ్చు. పైగా ఆర్మీ కోసం విడిగా రీజినల్ సెంటర్లు ఉన్నాయి, చండీమందిర్, ఉధంపూర్, పుణె లాంటి చోట్ల. యూనిట్ ఎడ్యుకేషన్ జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్‌ని అడిగితే ఏది మీకు వర్తిస్తుందో చెప్తారు.

ఏడాది పోతుందన్న టెన్షన్ వద్దు. రెండేళ్ళ ఎం.ఏ.కి నాలుగేళ్ళ వరకు టైమిస్తారు, పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. మొదటి ఏడాది నాలుగు పేపర్లు. నాలుగూ ఒకేసారి రాయాలని ఎవరూ అనరు. డిసెంబరులో రెండు, జూన్‌లో రెండు రాసినా పర్వాలేదు. ఫీల్డ్‌లో ఉన్నవాడు అలాగే ప్లాన్ చేసుకోవాలి.

లీవు సంగతి. మనకి ఏడాదికి 60 రోజులు ఏ.ఎల్. (యాన్యువల్ లీవు), 30 రోజులు సి.ఎల్. (క్యాజువల్ లీవు). చాలామంది పరీక్షలకి యాన్యువల్ లీవు వాడి ఇంట్లో గొడవ తెచ్చుకుంటారు, పెళ్ళాం పిల్లలు ఏడాదంతా ఎదురుచూసిన రోజులు పుస్తకం ముందు కూర్చుంటే ఎవరికైనా బాధే. ఏ.ఎల్. ఇంటికి వదిలెయ్, సి.ఎల్. పరీక్షలకి దాచుకో. లీవ్ ప్లాన్ తయారయ్యేటప్పుడే జూన్, డిసెంబరు అని సీనియర్ జేసీవో సాబ్‌కి చెప్పి పెట్టు. డేట్‌షీట్ వచ్చాక పరుగెత్తితే ఆ నెల ఖాళీ ఉండదు, ఎందుకంటే అప్పటికి నలుగురి పెళ్ళిళ్ళు, ఇద్దరి గృహప్రవేశాలు ముందే రాసేసి ఉంటాయి.

మీ సెక్షన్ తమ్ముడికి చెప్పు, ఆ గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ పీజీ అడ్మిషన్‌కి పనికిరాదు. పదో తరగతి పాసై 15 ఏళ్ళ సర్వీసు చేసినవాడిని, డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్-సి ఉద్యోగాలకి అర్హుడిగా చూడటానికి ఇచ్చే కాగితం అది, అందులోనూ టెక్నికల్ అర్హత అడగని పోస్టులకే. ఉద్యోగం వరకు మంచిదే. యూనివర్సిటీకి మాత్రం యూనివర్సిటీ డిగ్రీయే కావాలి. ఎం.ఏ. చేయాలనుంటే ముందు బి.ఏ. కట్టమను, ఇప్పుడే.

రాజనీతి మాష్టారు:

నేను ఒక స్టడీ సెంటర్‌లో చాలా ఏళ్ళుగా కౌన్సెలింగ్ క్లాసులు చెబుతున్నాను, ఫౌజు నుంచి వచ్చే విద్యార్థులు నాకు కొత్త కాదు. గోదారిగట్టు గారు అన్నీ చక్కగా చెప్పారు, చదువు లోపలి సంగతి నేను చెప్తాను.

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో మొదటి ఏడాది రాజనీతి సిద్ధాంతం, అంతర్జాతీయ సంబంధాలు, భారత ప్రజాస్వామ్యం-అభివృద్ధి, తులనాత్మక రాజకీయాలు. ఒక్కో పేపరు 8 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల చదువని ఇగ్నో లెక్క. అంటే పేపరుకి 240 గంటలు, నాలుగింటికి 960. రోజుకి రెండున్నర గంటల పైమాటే. ఇది చూసి భయపడమని చెప్పడం లేదు, ఫీల్డ్‌లో ఉన్న మనిషి ఒకేసారి నాలుగు పేపర్లు నెత్తిన పెట్టుకోకూడదని చెబుతున్నాను.

పరీక్షలో మూడు గంటల్లో అయిదు ప్రశ్నలు, ఒక్కోటి సుమారు 500 మాటలు, 20 మార్కులు. ప్రశ్నకి 36 నిమిషాలు. మా దగ్గరికి వచ్చే జవాన్లలో విషయం తెలియక పోయేవాళ్ళు తక్కువ. మొదటి రెండు ప్రశ్నలకి గంటన్నర తినేసి, అయిదో ప్రశ్న నాలుగు లైన్లలో ముగించి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఏళ్ళ తరబడి పెన్నుతో పేజీలు రాయని చేయి రెండో గంటకే నొప్పి పుడుతుంది. అందుకే అసైన్‌మెంట్లు కాపీ కొట్టకుండా సొంతంగా, చేత్తో, గడియారం ముందు పెట్టుకుని రాయండి. అసైన్‌మెంట్ ప్రశ్నలూ ఇదే పద్ధతిలో ఉంటాయి, అది రాయడమే పరీక్షకి ప్రాక్టీసు. అసైన్‌మెంట్‌కి 30 శాతం, పరీక్షకి 70 శాతం వెయిటేజీ, రెండింట్లోనూ విడివిడిగా 40 రావాలి. అసైన్‌మెంట్‌లో 80 వచ్చినా పరీక్షలో 35 వస్తే ఆ పేపరు మళ్ళీ రాయాల్సిందే.

మీడియం విషయంలో ఒక మాట. ఇగ్నోలో ఈ ఎం.ఏ. ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, తెలుగులో లేదు. బ్యారక్‌లో ఇన్నేళ్ళు ఉన్నాక హిందీ నోటికి బాగా వచ్చేసి ఉంటుంది, దాంతో మన కుర్రాళ్ళు చాలామంది హిందీ పెట్టేస్తారు. లంగర్‌లో (జవాన్ల వంటశాలలో) మాట్లాడే హిందీ వేరు, ఆ పుస్తకాల్లో హిందీ వేరు, సంప్రభుతా, వైధతా, ఉదారవాద్ అంటూ నడుస్తుంది. మీరు తిరిగొచ్చి పాఠం చెప్పేది తెలుగులోనో ఇంగ్లీషులోనో. అందుకని ఇంగ్లీషు పెట్టండి. అర్థం కాని చోట తెలుగు అకాడమి వాళ్ళ రాజనీతి శాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకోండి, లీవుకొచ్చినప్పుడు కొని ట్రంకులో వేసుకెళ్ళండి. పాఠం తెలుగులో అర్థం చేసుకుని, జవాబు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాస్తే చాలు. పేపరు దిద్దేవాళ్ళు వ్యాకరణం కన్నా వాదన చూస్తారు.

40 శాతానికి పాసవుతారు కానీ మీ లక్ష్యం అది కాదు. జూనియర్ లెక్చరర్‌కి కనీసం సెకండ్ క్లాసు కావాలి, యూజీసీ నెట్ రాయాలంటే పీజీలో 55 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 50. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం రాసే నెట్‌కి వయసు పరిమితి లేదు, ఫౌజు నుంచి వచ్చేవాళ్ళకి ఇది పెద్ద వరం. మొదటి పేపరు నుంచే 55 దృష్టిలో పెట్టుకుని రాయండి.

ఫౌజీ ఇల్లాలు:

మా ఆయన రాజస్థాన్ సరిహద్దులో ఉండగా పీజీ చేశారు, ఇంటి నుంచి చూసుకున్నది నేనే కాబట్టి రాస్తున్నాను. అన్నయ్యా, మీరు ఇవన్నీ అడిగారు కానీ ఓటీపీ గురించి అడగలేదు. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే డిజీలాకర్‌లో ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్ల ఖాతా నంబరు), దాంతో యూజీసీ వాళ్ళ డెబ్ (దూరవిద్య విభాగం) ఐడీ చేసుకోవాలి. అన్నీ ఆధార్‌కి లింకైన నంబరు మీద నడుస్తాయి. ఆ సిమ్ము సిగ్నల్ లేని చోట మీ జేబులో ఉంటే ఓటీపీ వచ్చేసరికి పేజీ మూసుకుపోతుంది. మేం ఏం చేశామంటే ఐడీలు, అడ్మిషన్ అన్నీ ఆయన లీవులో ఉన్నప్పుడే చేసేశాం, ఇగ్నోలో ఇచ్చే మొబైల్ నంబరూ మెయిలూ మాత్రం నా ఫోన్‌లో పనిచేసేవి ఇచ్చాం. రెండో ఏడాది రీ-రిజిస్ట్రేషన్, పరీక్ష ఫారం, హాల్ టికెట్ అన్నీ నేనే చూసుకున్నాను.

పుస్తకాలు ఇగ్నో వాళ్ళ ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాఠాల వారీగా దింపి ఫోన్‌లో వేసిచ్చాను, నెట్ లేకపోయినా చదువుకునేవారు. కానీ చీకట్లో సెంట్రీ డ్యూటీ చేసొచ్చి ఫోన్ చూస్తే కళ్ళు మండుతున్నాయని అన్నారు. అందుకని మా వీధి చివర జిరాక్స్ షాపులో ఒక్కో బ్లాకు ప్రింటు తీయించి, స్పైరల్ వేయించి పంపేదాన్ని. ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయి, మార్జిన్లో పెన్సిలుతో డ్యూటీ రోస్టరు, పక్కనే గ్రామ్సీ అనే ఇటలీ రాజకీయ చింతకుడి మీద నోట్సు. అసైన్‌మెంట్లు ఆయన రాసి పోస్టులో పంపితే నేను స్టడీ సెంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకునేదాన్ని. ఇప్పుడు చాలా సెంటర్లు ఆన్‌లైన్లోనే తీసుకుంటున్నాయి, అయినా మీరు రాసిన ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, మార్కులు గ్రేడ్ కార్డులో ఎక్కకపోతే చూపించడానికి అదొక్కటే ఆధారం.

ఇంట్లో వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడండి అన్నయ్యా. మీ ఆవిడకి ఇది ఇష్టమైతే సగం బరువు తీరిపోతుంది. ఆవిడకి చెప్పకుండా కడితే మాత్రం వారంలో దొరికే ఆ ఒక్క ఫోన్ కాల్‌లో కూడా మీరు పరధ్యానంగా ఉన్నారని బాధపడుతుంది.

కొండపల్లి ఖిల్లా:

అందరికీ ఇష్టం లేని మాట చెప్తాను. నేనూ ఎక్స్ సర్వీస్‌మన్‌నే, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వంలో చేస్తున్నాను. పీజీ చదవకముందు ఒక్కసారి ఆలోచించు తమ్ముడూ. గ్రూప్స్‌కి డిగ్రీ చాలు, నీ దగ్గర ఉంది. ఎక్స్ సర్వీస్‌మన్ కోటా ఉంది, వయసులో సర్వీసు కాలం ప్లస్ మూడేళ్ళు తీసేస్తారు. రాష్ట్రంలో జేఎల్ (జూనియర్ లెక్చరర్) నోటిఫికేషన్ ఏళ్ళకోసారి వస్తుంది, సివిక్స్ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ప్రైవేటు కాలేజీలో ఇచ్చే జీతం ఎంతో గోదారిగట్టు అన్నకి తెలుసు. ఆ 960 గంటలు గ్రూప్-2 సిలబస్ మీద పెడితే ఉద్యోగానికి దగ్గరవుతావు. ఎం.బి.ఏ. అయితే నేను అసలే చెప్పను, సెమిస్టర్‌కి ఏడేసి పేపర్లు, ఫీజూ ఎక్కువే. మేనేజ్‌మెంట్ కావాలంటే రిటైర్మెంట్ ముందు డీజీఆర్ (ఫౌజీల పునరావాసం చూసే రక్షణశాఖ విభాగం) కోర్సులు ఉన్నాయి, జేసీవోలకి, జవాన్లకి ఫీజు మొత్తం డీజీఆరే కడుతుంది.

ఇంకో సంగతి. నువ్వు నాయక్‌వి. హవల్దార్ కేడర్ (ప్రమోషన్ కోర్సు) ముందుంది. అది తప్పి ఎం.ఏ. పాసైతే ఏం లాభం, పెన్షన్ ర్యాంకు మీద వస్తుంది, ఎం.ఏ. మీద రాదు.

గోదారిగట్టు:

కేడర్ ముందు అన్నది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కేడర్ ఉన్న ఆరు నెలలు పుస్తకం ముట్టుకోకు, ఆ టర్మ్ పరీక్ష ఫారం కూడా నింపకు. నాలుగేళ్ళ టైం ఇచ్చేది అందుకే.

జీతం గురించి కూడా నిజమే, నాకొచ్చేది తక్కువ. నాకు పెన్షన్ ఉంది కాబట్టి నడుస్తోంది, పెన్షన్ లేనివాడికి ఈ దారి నేనూ చెప్పను. కానీ ఫౌజీకి ఉన్న ఒక్క వెసులుబాటు అదే కదా. నలభై లోపల పెన్షన్ చేతికొచ్చిన మనిషి మిగిలిన జీవితమంతా ఇష్టమైన పని చేయొచ్చు. ఈ తమ్ముడు గ్రూప్స్ అడగలేదు, పాఠం చెప్పాలని ఉంది అన్నాడు. మా క్లాసులో సగంమంది పిల్లలు నాన్న పొలం కౌలుకి చేసేవాళ్ళే, రాజ్యాంగం మీద పాఠం చెప్తుంటే ఆర్టికల్ 21 అంటే మా ఊరి పంచాయతీకి కూడా వర్తిస్తుందా సార్ అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్న రోజు నాకు జీతం గుర్తుకు రాదు.

గ్రూప్స్ సిలబస్‌లో పాలిటీ ఎలాగూ ఉంది, ఎం.ఏ.లో చదివింది అక్కడ వృథా పోదు.

తూర్పుతీరం:

నేవీలో ఉన్నాను, విశాఖ. మాకు ఇగ్నో-నేవీ రీజినల్ సెంటర్ ఇక్కడే ఉంది కాబట్టి ఒడ్డున ఉన్నంతకాలం హాయి. సెయిలింగ్‌లో ఉంటే పరీక్ష పోయినట్టే, షిప్పు డేట్‌షీట్ చూసి ఆగదు. నేను చేసేదేంటంటే షిప్పు డాక్‌లో రిఫిట్‌కి (పెద్ద మరమ్మతుకి) వెళ్ళే ఏడాది ఎక్కువ పేపర్లు పెట్టుకుంటాను, సీ టైం ఎక్కువున్న ఏడాది చదువు మాత్రమే, పరీక్ష లేదు. మీక్కూడా అంతే అన్నా, ఫీల్డ్‌లో చదివి పెట్టుకోండి, కుటుంబంతో ఉండే పీస్ పోస్టింగ్ వచ్చాక వరసగా రాసేయండి. పేపరుకి రెండు వందల రూపాయల ఫీజు ముందే కట్టి రాయకపోతే పోయేది ఆ రెండు వందలే, కాబట్టి లీవు డౌట్‌గా ఉన్నా ఫారం మాత్రం నింపండి.

కొత్త రంగరూట్:

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి అన్నలూ. నేను అగ్నివీర్‌ని, ఇంటర్ చదివాను. మా సర్వీసు నాలుగేళ్ళే కదా, మాకు కూడా ఇగ్నోలో ఏదో ఉందని విన్నాను.

రాజనీతి మాష్టారు:

ఉంది బాబూ. 2022లో అగ్నిపథ్‌తోపాటే ప్రకటించారు, అగ్నివీరుల కోసం ప్రత్యేకంగా మూడేళ్ళ డిగ్రీ. అందులో సగం క్రెడిట్లు మీరు సర్వీసులో పొందే ట్రైనింగ్ నుంచే వస్తాయి, మిగతా సగం సబ్జెక్టులు చదివి రాయాలి. ట్రైనింగ్ సెంటర్ నుంచి యూనిట్‌కి రాగానే చేరిపోండి, నాలుగో ఏడు వచ్చేదాకా ఆగొద్దు. బయటికొచ్చే రోజుకి డిగ్రీ చేతిలో ఉంటే ఆ పైన పీజీ గానీ, పోటీ పరీక్షలు గానీ మీ ఇష్టం. దూరవిద్య డిగ్రీకి విలువ లేదని ఎవరైనా అంటే పట్టించుకోకండి, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చినా రెగ్యులర్‌తో సమానమేనని యూజీసీ 2022లోనే స్పష్టంగా చెప్పింది. గుర్తింపు ఉందో లేదో మాత్రం డెబ్ వెబ్‌సైట్‌లో చూసుకుని ఫీజు కట్టండి, క్యాంటీన్ బయట పాంప్లెట్ పంచే ఏజెంట్ల మాట నమ్మకండి.

వంశధార:

అందరికీ చాలా థాంక్స్. టవర్ దగ్గర నిలబడి అన్నీ చదివాను, కొన్ని కాగితం మీద రాసుకున్నాను. కొండపల్లి అన్నా, మీరు చెప్పింది తప్పు పట్టను, కేడర్ మాట మనసులో పెట్టుకున్నాను. కానీ ఎం.ఏ.కే వెళ్తాను. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, మా ఆవిడ ముందు నవ్వింది, తర్వాత ఫీజు ఎంత, పుస్తకాలు ఇంటికొస్తాయా అని అడిగింది.

ఒక్కటి మిగిలింది. నాకు కేడర్ వచ్చే వేసవిలో ఉంటుందంటున్నారు. జులై సెషన్‌లో చేరాలా, జనవరిదాకా ఆగాలా?

గోదారిగట్టు:

జనవరికి చేరు. జులైలో చేరితే మొదటి పరీక్ష వచ్చే జూన్‌లో పడుతుంది, అది నీ కేడర్ నెత్తిమీదికి వస్తుంది. జనవరిలో చేరితే మొదటి పరీక్ష డిసెంబరు. కేడర్ అయ్యాక నాలుగైదు నెలలు చేతిలో ఉంటాయి, అప్పుడు రాజనీతి సిద్ధాంతం, భారత ప్రజాస్వామ్యం ఈ రెండే పెట్టుకో, మిగతా రెండూ ఆ తర్వాతి జూన్‌కి. సి.ఓ. సాబ్‌కి అప్లికేషన్ ఈ నెలలోనే పెట్టెయ్, అడ్మిషన్ తేదీ కంటే పర్మిషన్ తేదీ ముందుండాలి. అప్లికేషన్ ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడ వద్దు, విడిగా మెసేజ్ పెట్టు, నాది ఫోటో తీసి పంపిస్తాను.